కడుపుతో ఉన్నవాళ్ళ గంట

ఆ కుట్టు ఫ్యాక్టరీలో భోజనాల గంట రోజూ రెండుసార్లు మోగుతుంది. ఒంటిగంటకు మోగేది ఆఫీసు గది బయట గోడకు బిగించిన కరెంటు గంట. అది మోగితే మూడువందల మిషన్లు ఒక్కసారిగా ఆగుతాయి. దానికి ఇరవై నిమిషాల ముందు మోగేది నిజానికి గంటే కాదు, క్యాంటీనులో వంటామె గరిటె తీసుకుని అన్నం గుండిగ మూత మీద కొట్టే నాలుగు దెబ్బలు. ఆ దెబ్బలకు ఏ పదిమందో పన్నెండుమందో మాత్రం లేస్తారు. లేచేవాళ్ళందరూ కడుపుతో ఉన్నవాళ్ళే. నడుం మీద ఒక చెయ్యి, రెయిలింగు మీద ఒక చెయ్యి వేసుకుని రెండో అంతస్తు నుంచి మెల్లగా దిగి వస్తారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఇంట్లో ఇంకా చెప్పుకోకముందే ఆ మూత చప్పుడుకు లేచి, తమ కబురు ఫ్యాక్టరీ అంతా చాటింపు వేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

మూత కొట్టే మనిషికి నలభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, గట్టి మనిషి. గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా ఉంటుంది. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ‘అక్కా’ అంటారు, అటు తిరగ్గానే ‘ఎంగిలి పోలీసు’ అంటారు. తిన్న కంచాలు తిరిగొచ్చే కిటికీ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా ఆమే కాపలా. ఆ పని ఇంకెవరికైనా అప్పగించవచ్చు, కానీ చచ్చినా అప్పగించదు. కంచం చూస్తే మనిషి తెలిసిపోతాడని ఆమె నమ్మకం. కూరలో గింజలు ఒకవైపు నెట్టేసి మెత్తటిది మాత్రం తిన్నవాడికి పంటినొప్పి. మధ్యలో కెలికి వదిలేసినవాడికి ఇంట్లో పోట్లాట. ఒకసారి ఇస్త్రీ మేస్త్రి కంచం రెండోసారి నింపించుకుని నాకినట్టు ఖాళీ చేసి తెస్తే, “ఏం నాయనా, ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయింది? అలిగి వెళ్ళిందా ఆవిడ?” అని అందరి ముందూ అడిగేసింది. అలిగి వెళ్ళిన మాట నిజమే. మర్నాడు మేస్త్రి వెళ్ళి బతిమాలి తీసుకొచ్చుకున్నాడు.

ఆమె చేరిన కొత్తల్లో అందరికీ ఒకటే గంట. అది మోగగానే వయసు కుర్రాళ్ళు మెట్లు మూడేసి చొప్పున దూకి వచ్చి వరసలో నిలబడేవారు. నెలలు నిండుతున్న ఆడవాళ్ళు దిగేసరికి గుండిగ అడుగున మాడు, గింజలన్నీ పోయి నీళ్ళు మిగిలిన కూర. ఆమె తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

“ఇరవై నిమిషాలు ముందే లేపేస్తే పని ఎవరు చేస్తారమ్మా?” అన్నాడాయన.

“కూర్చున్నా పడుకున్నా వాళ్ళ పని నడుస్తూనే ఉంటుంది సార్. మీకు కనపడదంతే.”

మేనేజరు నవ్వి ఊరుకున్నాడు. మర్నాటి నుంచి ఆయన కంచం అందరికంటే ఆఖరున వెళ్ళడం మొదలైంది. మాడు, నీళ్ళకూర. అడిగితే, “వరస ప్రకారమే పెడుతున్నాం సార్, ఆఖరున వచ్చేవాళ్ళకి అదే మిగులుతుంది” అనేది, ఎంతో వినయంగా. ఆరో రోజున ఆయనే క్యాంటీనుకు దిగివచ్చి, “మీ గంట మీరు కొట్టుకోండి. నా కూరలో మాత్రం కాసిన్ని గింజలు కనపడనివ్వండి” అన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ అడిగి సాధించలేనిది పెట్టకుండా సాధించింది. ఏడాది తిరిగేసరికి ఆ పదిమందికీ రోజూ ఒక గుడ్డు, గ్లాసు పాలు, ఆకుకూర అదనంగా వచ్చాయి. అవి ఎలా వచ్చాయో మేనేజరుకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఆమె వెంట క్యాంటీనులో ఎప్పుడూ ఆమె కూతురు ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళొచ్చినా అందరికీ ‘పాపే’. బల్లలు తుడుస్తుంది, గ్లాసులు కడిగి వరసగా బోర్లిస్తుంది. ఇరవై దాకా లెక్కపెడుతుంది, ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. బడిలో రెండో తరగతి దాటలేదు. ఎవరైనా ఏదైనా చెబితే ఆ మాట పాపలోకి వెళ్ళి స్థిరపడటానికి చాలాసేపు పడుతుంది. పొద్దున వేసిన జోకుకు సాయంత్రం నవ్వుతుంది, అదీ మనసారా నవ్వుతుంది. కొత్తవాళ్ళు వింతగా చూస్తే పాపే వాళ్ళకు చెప్పేస్తుంది: “నాకు చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చింది. అందుకే నాకు లెక్కలు రావు.” ఆ మాట చెప్పేటప్పుడు పాప గొంతులో కొంచెం గర్వం కూడా ఉంటుంది, అంత పెద్ద జ్వరాన్ని గెలిచి వచ్చినందుకు. వంటామె ఆ సమయంలో పొయ్యి వైపు తిరిగి ఏదో ఒకటి కలుపుతూ ఉంటుంది.

నెలలో మొదటి సోమవారం ప్రభుత్వ ఆస్పత్రి నుంచి ఒక నర్సు వచ్చేది. గుడ్డల మూటలు తూచే గోడౌనులోని కాటా మీదే కడుపుతో ఉన్నవాళ్ళను తూచి, మాత్రలిచ్చి, నాలుగు మాటలు చెప్పి వెళ్ళేది. మొదటిసారి వచ్చినప్పుడు, అంటే పదకొండేళ్ళ కిందట, క్యాంటీనులో అందరినీ కూర్చోబెట్టి ఆవిడ చెప్పిన మాటలు వంటామెకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

“బిడ్డ మెదడు పుట్టాక తయారయ్యేది కాదమ్మా. నెల తప్పిందని మీకు తెలిసేలోపే పని మొదలవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు వైర్లు గోడల్లో ముందే వేస్తారు కదా, సున్నాలు కొట్టాక గోడ పగలగొట్టి వెయ్యడం ఎంత కష్టం! ఇదీ అంతే. ఆ వైర్లకి కావలసిన సామానంతా తల్లి తిండిలోంచే వెళ్ళాలి. ఐరన్, అయోడిన్, ప్రొటీన్లు, అన్నీ.”

“తల్లి తినకపోతే?” అని వెనక నుంచి వంటామె అడిగింది. గరిటె చేతిలోనే ఉంది.

“చాలామంది బిడ్డలు తట్టుకుంటారు. కొంతమందికి మాటలు ఆలస్యమవుతాయి, చదువు ఎక్కదు, మనసు నిలవదు. ఎవరికి ఏమవుతుందో ముందే చెప్పలేం. పుట్టాక మంచి తిండి పెట్టి, ముద్దుగా మాట్లాడుతూ పెంచితే చాలా వరకు కూడదీసుకుంటారు కూడా. కానీ ఆ తొమ్మిది నెలలైతే మళ్ళీ రావు కదా.”

ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ నోరెత్తలేదు, ఎంగిలి పోలీసు కూరకు వంక పెట్టే ధైర్యం ఎవరికుంది?

అప్పటి నుంచి ఆమె ఆ పదిమంది కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చునేది. గుడ్డు నోట్లోకి వెళ్ళేదాకా ఎదురుగా నిలబడేది. ఒక ఏడాది ఒకమ్మాయి మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. వంటామె అగ్గి మీద గుగ్గిలమై మేనేజరు చేత ఒక రూలు పెట్టించింది: వరసగా రెండు నెలలు బరువు పెరగనివాళ్ళను మిషను మీద నుంచి లేపి, కానుపయ్యేదాకా దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. చేత్తో చేసే తేలిక పని, శ్రమ ఉండదు, తల్లీ బిడ్డా బాగుంటారని ఆమె ఆలోచన. మిషను ఒకసారి చేజారితే మళ్ళీ దొరుకుతుందో లేదోనని ఆడవాళ్ళు ఎంత బెంగపడతారో ఆమెకు తట్టలేదు. వంటింట్లో ఉన్నవాళ్ళకు కుట్టుగదిలో సంగతులు అన్నీ అందవు. ఆ రూలు వచ్చిన నెల నుంచి ఒక్కరి బరువు కూడా తగ్గలేదు. అందరూ నెలనెలా చక్కగా పెరిగారు. వంటామె పొంగిపోయింది.

కాజాలమ్మాయి ఆ రోజుల్లోనే కడుపుతో ఉంది. చొక్కాలకు కాజాలు తీసే మిషను మీద పనిచేసేది, అందుకని ఆ పేరు. ఇరవై ఒక్క ఏళ్ళు, మాట మెత్తన, తొలిచూలు. కంచం అద్దంలా తిరిగొచ్చేది. నర్సు పుస్తకంలో బరువు నెలకు కిలోన్నర చొప్పున పెరిగేది. కానీ ఆరో నెల వచ్చినా గొంతు కింద ఎముకలు రెండూ అలాగే పైకి తేలి ఉన్నాయి. పుస్తకం ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది. వంటామెకు అనుమానం వచ్చింది గానీ, అంకెలు ముందు పెట్టుకుని అనుమానపడటం ఆమెకు చేతకాలేదు.

గుట్టు బయటపెట్టింది కటింగ్ మాస్టారు. గుడ్డ కత్తిరించేటప్పుడు పైన పరిచే కాగితం నమూనాలు కదలకుండా ఆయన బల్ల మీద ఇనుప దిమ్మలు పెట్టుకుంటాడు. ఒక్కోటి ముప్పావు కిలో. ఒక సోమవారం పొద్దున టీ కోసం వచ్చి క్యాంటీను దద్దరిల్లేలా అరిచాడు.

“నా దిమ్మలకి కాళ్ళొచ్చాయా అక్కా? పొద్దున మాయం, మధ్యాహ్నానికల్లా మళ్ళీ బల్ల మీద ప్రత్యక్షం! నెలనెలా ఇదే గోల!”

“నెలనెలానా? ఏ రోజు మాస్టారూ?”

“మొదటి సోమవారం. మొదట్లో ఒకటి పోయేది. పోయిన నెల ఏడు. ఇవాళ పది!”

వంటామె టీ గిన్నె అక్కడే దించి గోడౌనుకు నడిచింది. కాటా ముందు పదకొండుమంది వరసలో ఉన్నారు. ముందు కాజాలమ్మాయి. వంటామె దిమ్మల మాటే ఎత్తలేదు. “ఎంత ముద్దొస్తున్నావే!” అంటూ వెళ్ళి ఆ పిల్ల నడుం చుట్టూ రెండు చేతులూ వేసి కౌగిలించుకుంది. కౌగిట్లో ఇనుము ఇనుముకు తగిలి టంగుమంది. నర్సు పెన్ను చేతిలోనే ఉండిపోయింది. కాజాలమ్మాయి కుక్కిన పేనులా నిలబడి, పొట్ట కింద కట్టుకున్న గుడ్డ మూట విప్పింది. దిమ్మలు ఆరు. వెనక వరసలో ఇద్దరు తమంతట తామే చెరో రెండు తీసి కింద పెట్టారు.

“మేం తింటూనే ఉన్నాం అక్కా,” అంది ఇద్దరిలో ఒకామె ఏడుపు గొంతుతో. “ఒక్కో నెల పెరగదు, మేమేం చేస్తాం? మిషను పోతుందని భయమేసింది.”

వంటామె కోపం ఇక ఎవరి మీద చూపించాలి? రూలు పెట్టించింది తనే. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. కానీ ఈ మనిషిలో మెచ్చుకోవలసింది ఇక్కడే ఉంది. తప్పు చేసినవాళ్ళు సాధారణంగా దానికి నాలుగు కారణాలు వెతుక్కుంటారు, ఆమె తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది.

“ఆ బరువు రూలు తీసేయించండి సార్. తప్పు నాది.”

“మీరే కదమ్మా పట్టుబట్టి పెట్టించారు?”

“పెట్టించింది నేనే, తీయిస్తున్నదీ నేనే. ఎవరి మిషను వాళ్ళదే. తినిపించే పూచీ నాది.”

రూలు పోయింది. కాటా బదులు ఏం చెయ్యాలో నర్సు చెప్పింది. ఎడమచేతికి భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత తీసుకుంటే చాలు, మనిషి ఎలా తింటోందో తెలిసిపోతుంది. టేపుకు కొదవేముంది, అక్కడ ప్రతివాళ్ళ మెడలోనూ ఒకటి వేలాడుతూనే ఉంటుంది. చేతికి దిమ్మలు కట్టుకోవడం ఎవరివల్లా కాదు. కొలిస్తే ఆ ఇద్దరికీ ఇరవై నాలుగు, ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది, ఫరవాలేదు. ఇరవై మూడుకు తగ్గకూడదని నర్సు అంది. కాజాలమ్మాయి చేతికి టేపు చుడితే ఇరవైన్నర.

కంచాలు చదవడంలో తనను మించినవాళ్ళు లేరనుకున్న మనిషికి అది పెద్ద దెబ్బ. ఆ పిల్ల అన్నం బల్ల కింద డబ్బాలోకి తోసేసి, గుడ్డు పక్కవాళ్ళకిచ్చి, కంచం నీళ్ళతో తుడిచి తెచ్చేదట. మర్నాటి నుంచి వంటామె ఆమెను పొయ్యి పక్కన తన పీట మీదే కూర్చోబెట్టుకుంది. బతిమాలింది, తిట్టింది, నర్సు చెప్పిన వైర్ల కథంతా అప్పజెప్పింది. గోడకు చెప్పినట్టే అయింది. ఆ పిల్ల నాలుగు ముద్దలు తిని, తల వంచుకుని కూర్చునేది. వేవిళ్ళు లేవు, రోగం లేదు, ఇంట్లో తిండికి లోటు లేదు. మూడు రోజులు ఇలాగే గడిచాయి.

నాలుగో రోజు మిగతావాళ్ళు తిని పైకి వెళ్ళాక వంటామె ఎదురుగా కూర్చుంది. ఆరడుగుల దూరంలో కుళాయి దగ్గర పాప గ్లాసులు కడుగుతోంది.

“ఎందుకు తినవో చెప్పమ్మాయ్. తిట్టను.”

కాజాలమ్మాయి తల వంచుకునే చెప్పింది. “మా సొంతక్క బిడ్డ నాలుగు కిలోలు. రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డా దక్కలేదు, అక్కా దక్కలేదు. నేను తలుపు బయటే ఉన్నాను. అంతా వినపడింది.” కంచం పక్కకు జరిపింది. “తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉంటుంది, తేలిగ్గా బయటపడతావని మా అత్తయ్య చెప్పింది. ఆవిడ నా మంచికే చెప్పింది. నాకు బతకాలనుంది.”

ఐరను, అయోడిను అని ఎన్ని చెబితే మాత్రం, తలుపు అవతల అక్క కేకలు విన్న పిల్ల చెవికి అవి ఎక్కుతాయా? ఎక్కే మాట ఒక్కటే ఉంది, ఆ ఒక్కటీ వంటామె ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆమె కుళాయి వైపు చూసింది. ఇప్పుడు చెబితే పాప వింటుంది. జ్వరం అన్న మాట పాపకు గొడుగులాంటిది. ఎవరేమన్నా దాని కింద నిలబడి బతికేస్తోంది. కన్నతల్లే ఆ గొడుగు లాక్కోవాలి. పాపను ఏదో పని మీద బయటికి పంపవచ్చు. కానీ ఈ మాట ఫ్యాక్టరీలో ఎవరికైనా చెప్పాక, పాపకు ఎవరి నోటి వెంటో తెలియడం ఇంకా అన్యాయమని ఆమెకు తోచింది. ఎదురుగా ఇరవైన్నర సెంటీమీటర్ల చెయ్యి కంచం పక్కన వాలి ఉంది.

“పాపకి జ్వరం రాలేదమ్మాయ్,” అంది.

కుళాయి దగ్గర గ్లాసుల చప్పుడు ఆగింది. వంటామె గొంతు తగ్గించలేదు.

“నాకూ ఇదే చెప్పారు. మా అత్త కూడా చెడ్డది కాదు. ఆవిడకి వాళ్ళత్త చెప్పింది, ఆవిడ నాకు చెప్పింది. కడుపు నిండా తింటే బిడ్డ పెరిగిపోయి అడ్డం తిరుగుతుందంట. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పొద్దున గ్లాసు టీ, మధ్యాహ్నం గుప్పెడు మెతుకులు, రాత్రికి మంచినీళ్ళు. అందరూ మెచ్చుకునేవాళ్ళు, ఎంత అణకువ అని. ఏడో నెలకి మెట్లెక్కలేకపోయాను. కానుపు తేలిగ్గా అయిందనుకుంటున్నావా? తోయడానికి ఒంట్లో సత్తువేది? ఒకటిన్నర రోజు పట్టింది. ఒంట్లో రక్తం లేదని రెండు సీసాలు ఎక్కించారు. కిలోముప్పావు పిల్ల. చిన్న బిడ్డైతే బయటపడిపోతామన్నది ఒట్టిమాట. బయటపడేసేది మన బలం, పక్కనున్న డాక్టరు.”

కాజాలమ్మాయి తలెత్తింది.

“పాప మూడేళ్ళకి అమ్మా అంది. బడిలో వేస్తే ఏదీ నిలవలేదు. డాక్టరుకి చూపిస్తే ఆయన ఒకే మాట అడిగాడు, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావమ్మా అని. నేను జవాబు చెప్పలేకపోయాను. బయటికొచ్చి మా ఆయనకి, మా అత్తకి, అందరికీ జ్వరమని చెప్పాను. అదే కారణమని డాక్టరు కూడా ఖాయంగా అనలేదు. వేరేది కూడా కావచ్చు. కానీ నేను తినలేదు, అది నిజం. పాపకి నేను పెట్టాల్సింది పెట్టలేదు, అదీ నిజం. నా బిడ్డ నాకు బంగారమే. దాన్ని తక్కువ చేసి చెప్పట్లేదు. అది పడ్డ కష్టం చూశాను గనక చెబుతున్నాను.” ఆమె కంచం ముందుకు జరిపింది. “నీ భయం అబద్ధమనను. ఆ భయానికి మందు పస్తు కాదు. రేపే పెద్దాస్పత్రికి వెళ్దాం, మీ అక్క సంగతంతా డాక్టరుకి చెబుదాం. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి నీ చెయ్యి వదలను. తిను తల్లీ.”

కాజాలమ్మాయి తిన్నది. ఏడుస్తూనే తిన్నది, ముద్ద ముద్దకీ ముక్కు తుడుచుకుంటూ తిన్నది. అసలు గంట మోగి మూడువందలమంది లోపలికి తోసుకొచ్చే సమయానికి కంచంలో మెతుకు లేదు. ఈసారి నీళ్ళతో తుడిచింది కాదు.

ఆ బిడ్డ సంగతి ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే వినేవాళ్ళకు తోచదు. మర్నాడు ఇద్దరూ పెద్దాస్పత్రికి వెళ్ళారు. అక్క విషయం విని డాక్టరు ఆ పిల్ల పేరు ప్రత్యేకంగా రాసుకుంది, రక్తం పరీక్ష చేయించింది, కానుపు ఇంటి దగ్గర పెట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. చేతి కొలత ఇరవైన్నర నుంచి ఇరవై ఒకటిన్నర, అక్కడి నుంచి ఇరవై మూడుకు ఒక చుక్క తక్కువ దాకా వచ్చింది. నొప్పులు పద్నాలుగు గంటలు. వంటామె చెయ్యి వదల్లేదు, ఆ పిల్ల గోళ్ళ గుర్తులు వారం రోజులు మణికట్టు మీద ఉన్నాయి. ఆ రోజు ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టారు వండిన పలుకన్నం మూడువందలమంది కిక్కురుమనకుండా మింగారు. పుట్టింది ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిదివందలు. ఇప్పుడు ఏడాదిన్నర. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వైపే చూస్తూ, వచ్చీరాని మాటలతో ఇల్లు పీకి పందిరేస్తోంది. రేపు లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చుకుంటుందో ఎవరికి తెలుసు? పిండి కొద్దీ రొట్టె అన్నారు, పిండి వరకు లోటు రాకుండా చూశారు, అంతే.

కానీ వంటామెకు ఆ రోజు అక్కడితో అయిపోలేదు. కాజాలమ్మాయి పైకి వెళ్ళిపోయింది. మూడువందల కంచాలు వచ్చాయి, కడగడం అయింది. పాప గ్లాసులు బోర్లించింది, బల్లలు తుడిచింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. వంటామె నేల మీద చతికిలబడి గుండిగ తోముతూ కూర్చుంది. తల ఎత్తితే పాప ముఖం చూడాల్సి వస్తుందని, తోమిన చోటే తోముతోంది. మూడువందలమందిని నిలదీసి తినిపించిన మనిషికి తన కూతురు ఏం అడుగుతుందోనని భయమేసింది. నాకెందుకు పెట్టలేదు అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. నాలుగు గంటలయింది. పై అంతస్తులో మిషన్ల రొద ఒకటే వినిపిస్తోంది.

పాప వచ్చి గుండిగకు అటువైపు గొంతుక్కూర్చుంది.

“అమ్మా.”

“ఊఁ.”

“నన్ను మోసినప్పుడు నీకు ఆకలేసేదా?”

డాక్టరు అడిగాడు ఏం తిన్నావని. ఊరంతా అడిగింది పిల్లకేమైందని. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. తనను తాను కూడా ఎప్పుడూ అడుక్కోలేదు.

“వేసేది తల్లీ,” అంది. “చాలా వేసేది.”

ఇంక ఆపుకోలేక, మసిచేతులతోనే ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పాప కాసేపు ఆమెనే చూస్తూ ఆలోచించింది. తర్వాత, పెద్దవాళ్ళు పిల్లలకు తేలిక లెక్క విడమరిచి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

“నీకే ఎవరూ పెట్టలేదు కదమ్మా. నాకెక్కణ్ణుంచి పెడతావు?”

అని, గుండిగ అంచు తను పట్టుకుంది. రెండో అంచు వంటామె పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని కుళాయి కిందికి జరిపారు.